నిన్నటి ఫైల్ ఏది? వెతికే కమాండ్లలో కాలం లెక్క

క్లుప్తంగా

పేరు గుర్తులేని ఫైల్‌ను అది మారిన సమయాన్ని బట్టి పట్టుకునే ఆప్షన్లు ‘ఫైండ్’ వంటి పాత కమాండ్లలో దశాబ్దాలుగా ఉన్నాయి. ‘ఎఫ్‌డీ’ వంటి కొత్తవాటిలో 2018లో చేరాయి. పాత ఆప్షన్లు రోజులను లెక్కపెడతాయి, కొత్తవి ఎప్పటినుంచి ఎప్పటిదాకా అని హద్దు అడుగుతాయి. వాడేవారి తికమకలో సగం ఈ తేడా తెలిస్తే తీరిపోతుంది. మిగతా సగానికి మూలం వేరే ఉంది: డిస్కు రాసిపెట్టుకున్న సమయమూ, పని నిజంగా జరిగిన సమయమూ ఎప్పుడూ ఒకటి కావు.

పేరు పనికిరాని చోట

గోదావరికి వరద వచ్చిన రోజుల్లో ధవళేశ్వరం కాటన్ బ్యారేజీ దగ్గర నీటిమట్టాన్ని గంటగంటకూ గమనిస్తారు. అది 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది జారీ అవుతాయి. 2022 జులైలో మూడో హెచ్చరిక కూడా దాటింది. బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి వెళ్లింది.

అటువంటి వారంలో, లంక గ్రామాల సహాయ పనులు చూసే ఏ కంప్యూటర్‌లోనైనా ఎన్ని రకాల ఫైళ్లు పోగుపడతాయో ఊహించడం కష్టం కాదు. నీటిమట్టాల పట్టికలు, పునరావాస కేంద్రాల జాబితాలు, పడవల కేటాయింపులు, వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు అన్నీ ఒకే డైరెక్టరీలో పడతాయి. ‘లెవెల్స్’, ‘లెవెల్స్ కొత్తది’, ‘లెవెల్స్ ఫైనల్’, ‘లెవెల్స్ ఫైనల్ 2’ అని పేర్లు పెట్టుకుంటూ పోతారు. అప్పుడు పేరుతో వెతకడం వల్ల ఒరిగేదేమీ లేదు. అక్కడ అడగవలసిన ప్రశ్న ఒకటే: రెండో హెచ్చరిక వెలువడిన తరువాత ఏ ఫైళ్లు మారాయి?

ఈ ప్రశ్నకు యూనిక్స్ సంప్రదాయం ఇచ్చిన పాత జవాబు ‘ఫైండ్’. 1974 నాటి యూనిక్స్ అయిదో కూర్పుతో వచ్చిన ఈ కమాండ్ ఇప్పటికీ దాదాపు ప్రతి లినక్స్ యంత్రంలోనూ ఉంటుంది. కాకినాడ, భీమవరం ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబుల్లో విద్యార్థులకు పరిచయమయ్యేది కూడా ఇదే. కొత్త జవాబు ‘ఎఫ్‌డీ’. డేవిడ్ పీటర్ రస్ట్ భాషలో రాసిన ఈ పనిముట్టు 2017లో వచ్చింది. పేరుతో చాలా వేగంగా వెతుకుతుందని పేరు తెచ్చుకుంది కానీ, సమయంతో వెతికే వీలు అందులో మొదట లేదు. 2018లో వచ్చిన 7.2 కూర్పులో ‘--ఛేంజ్‌డ్-వితిన్’, ‘--ఛేంజ్‌డ్-బిఫోర్’ అనే రెండు ఆప్షన్లు చేరాయి. చదువరుల సౌలభ్యం కోసం ఇక్కడ కమాండ్లను తెలుగు లిపిలో రాయడమైంది. టెర్మినల్‌లో టైప్ చేసేటప్పుడు వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఇవ్వాలి.

ఒక్క ఫైల్‌కు ఎన్ని సమయాలు

ఆప్షన్ల తేడా చూసేముందు, అవి దేన్ని చదువుతాయో తెలుసుకోవాలి. లినక్స్‌లో ప్రతి ఫైల్‌కూ ఐనోడ్ అనే ఒక చిన్న నమోదు ఉంటుంది. ఫైల్ యజమాని, పరిమాణం, అనుమతులతో పాటు సమయాలు కూడా అందులోనే ఉంటాయి. సంప్రదాయంగా ఆ సమయాలు మూడు. ఫైల్‌లోని విషయం చివరిసారి మారిన సమయం ఎమ్‌టైమ్. ఫైల్‌ను చివరిసారి చదివిన సమయం ఏటైమ్. విషయం గానీ, ఐనోడ్‌లోని వివరాలు గానీ, అంటే అనుమతులు, యజమాని, లింకుల సంఖ్య వంటివి చివరిసారి మారిన సమయం సీటైమ్. ఇందులోని ‘సీ’ని చాలామంది ‘క్రియేట్’ అనుకుంటారు. అది పొరపాటు. ఫైల్ పుట్టిన సమయాన్ని ఈ మూడింటిలో ఏదీ చెప్పదు.

పుట్టిన సమయాన్ని ఎక్స్‌టీ4, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ వంటి ఫైల్ సిస్టమ్‌లు, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతులు, వేరుగా దాచుకుంటాయి. అయితే ప్రోగ్రామ్‌లు దాన్ని అడిగి తెలుసుకోవడానికి తగిన సిస్టమ్ కాల్, ‘స్టాట్ఎక్స్’, లినక్స్ 4.11తో 2017లో మాత్రమే వచ్చింది. అందుకే పాత పనిముట్ల ఆప్షన్లన్నీ ఆ మూడు సమయాల చుట్టూనే తిరుగుతాయి.

ఏటైమ్‌ను నమ్ముకుని వెతకడం వల్ల నేడు పెద్దగా ఉపయోగం లేదు. ఫైల్ చదివిన ప్రతిసారీ డిస్కు మీద రాయవలసి రావడం భారమని 2009లో, లినక్స్ 2.6.30 నుంచి, ‘రెల్‌ఏటైమ్’ అనే పద్ధతిని సాధారణ అమరికగా చేశారు. దాని ప్రకారం, పాత ఏటైమ్ ఎమ్‌టైమ్ కంటే లేదా సీటైమ్ కంటే వెనకటిదైనప్పుడు గానీ, 24 గంటలకు మించి పాతబడినప్పుడు గానీ మాత్రమే కొత్త ఏటైమ్ రాస్తారు. పైగా బ్యాకప్ ప్రోగ్రామ్ చదివినా అది చదివినట్టే లెక్క. ‘ఆరు నెలలుగా ఎవరూ తెరవని ఫైళ్లు’ అని ఏటైమ్‌తో తేల్చడం అందుకే నమ్మదగిన పద్ధతి కాదు.

మిగిలినవి ఎమ్‌టైమ్, సీటైమ్. ఎఫ్‌డీ కొత్త ఆప్షన్ల పేరులో ‘ఛేంజ్‌డ్’ అని ఉన్నా, అవి చూసేది సీటైమ్‌ను కాదు, ఎమ్‌టైమ్‌నే. మామూలు వాడకానికి ఇది సరైన ఎంపికే. ఫైల్ అనుమతులు మారితే అది ‘మారిన ఫైల్’ అని ఎవరూ అనుకోరు. కానీ ఈ ఎంపికకు ఒక మూల్యం ఉంది, దాని సంగతి కింద వస్తుంది.

‘ఒక రోజు’ ఎక్కడ మొదలవుతుంది

పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది, గోడ క్యాలెండర్‌లో అర్ధరాత్రితో మొదలవుతుంది. ఫైండ్ కమాండ్ ఎంచుకున్నది ఈ రెండూ కాని మూడో దారి. దాని రోజు కమాండ్ నడిపిన క్షణం నుంచి వెనక్కి 24 గంటలు. ఫైల్ వయసును 86,400 సెకన్లతో భాగించి, శేషాన్ని వదిలేస్తుంది, అంటే నిండిన రోజులే లెక్కలోకి వస్తాయి. యూనిక్స్ తరహా వ్యవస్థలకు ఉమ్మడి నియమావళి అయిన పోసిక్స్ ప్రమాణం చెప్పేది కూడా ఇదే.

మంగళవారం ఉదయం 10 గంటలకు కమాండ్ నడిపారనుకుందాం. ‘-ఎమ్‌టైమ్ 0’ అంటే వయసు ఒక రోజు నిండని ఫైళ్లు, అంటే సోమవారం ఉదయం 10 తరువాత మారినవి. ‘-ఎమ్‌టైమ్ 1’ అంటే ఒక రోజు నిండి రెండు రోజులు నిండనివి. ఆదివారం ఉదయం 10 నుంచి సోమవారం ఉదయం 10 లోపు మారినవి మాత్రమే వస్తాయి. ‘నిన్న’ అన్న ఉద్దేశంతో ఇది వాడినవారికి సోమవారం మధ్యాహ్నం చేసిన పని కనబడదు, ఆదివారం సాయంత్రం చేసినది మాత్రం కనబడుతుంది. ఇక ‘-ఎమ్‌టైమ్ +1’ ఇంకా పెద్ద చిక్కు. ‘ఒక రోజు కంటే పాతవి’ అని చదివితే 24 గంటలు దాటినవన్నీ రావాలి. కానీ నిండిన రోజుల సంఖ్య ఒకటి కంటే ఎక్కువ కావాలి కనుక, 48 గంటలు నిండినవి మాత్రమే వస్తాయి. మధ్యలోని 24 గంటల ఫైళ్లు మౌనంగా జారిపోతాయి. తప్పు జరిగినట్టు తెరమీద సందేశమేదీ రాదు.

ఇది చాలదన్నట్టు, ఇదే ఆప్షన్ అన్ని యంత్రాల్లోనూ ఒకేలా లెక్కపెట్టదు. యూనిక్స్ నుంచి వచ్చిన బీఎస్‌డీ కుటుంబపు ఆపరేటింగ్ సిస్టమ్ ఫ్రీబీఎస్‌డీ మాన్యువల్ ప్రకారం, అక్కడి ఫైండ్ యూనిట్ ఇవ్వనప్పుడు తేడాను పైకి సవరిస్తుంది, అంటే నడుస్తున్న రోజును కూడా పూర్తి రోజుగా లెక్కిస్తుంది. లినక్స్‌లో ‘1’ అంటే నిన్నటి 24 గంటలైతే అక్కడ ‘1’ అంటే ఈ 24 గంటలే. అయితే సంఖ్య పక్కన గంటలకు, వారాలకు అక్షరం చేర్చే వీలు కూడా ఆ కుటుంబంలోనే ఉంది.

లినక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ ఫైండ్‌లో దీనికి రెండు మందులున్నాయి. మొదటిది ‘-డేస్టార్ట్’. దీన్ని సమయపు ఆప్షన్‌కు ముందు ఇస్తే లెక్క అర్ధరాత్రి హద్దుల ప్రకారం సాగుతుంది. అప్పుడు 0 అంటే ఈవేళ, 1 అంటే నిన్న. ముందు ఇవ్వాలన్నది ముఖ్యం, ఎందుకంటే అది తన తరువాత వచ్చే పరీక్షలకు మాత్రమే వర్తిస్తుంది. రెండోది, లెక్కనే పక్కనపెట్టి ఒక గురుతుతో పోల్చడం. రెండో ప్రమాద హెచ్చరిక వెలువడగానే ‘టచ్ హెచ్చరిక2’ అని ఒక ఖాళీ ఫైల్ సృష్టిస్తే, ఆ తరువాత ఎప్పుడైనా ‘ఫైండ్ . -న్యూయర్ హెచ్చరిక2’ అని అడగవచ్చు. ఆ గురుతు కంటే కొత్తవన్నీ వస్తాయి. గంటలు, రోజులు, భాగాహారాలు అక్కర్లేదు. అప్పుడు గురుతు పెట్టడం మరిచిపోయినా ఫరవాలేదు. ‘టచ్’కు ‘-డీ’ ఆప్షన్‌తో గతంలోని సమయాన్ని ఇచ్చి ఇప్పుడైనా అది పెట్టవచ్చు. పాత ఫైండ్‌లో ఉన్న అన్ని సమయపు ఆప్షన్లలోనూ తిరుగులేనిది ఇదే అనాలి, అయినా పాఠాల్లో దీనికి దక్కేది ఒక్క వాక్యమే.

కొత్త ఆప్షన్లు మార్చినదేమిటి

ఎఫ్‌డీకి సమయపు ఆప్షన్లు చేర్చేటప్పుడు ఫైండ్‌లోని ప్లస్ (అంతకంటే ఎక్కువ), మైనస్ (అంతకంటే తక్కువ) గుర్తుల పద్ధతిని తీసుకోలేదు. దాని బదులు రెండు హద్దులకు రెండు పేర్లు పెట్టారు. ‘ఎఫ్‌డీ --ఛేంజ్‌డ్-వితిన్ 10హెచ్’ అంటే గత పది గంటల్లో మారినవి. ‘--ఛేంజ్‌డ్-బిఫోర్ 2వీక్స్’ అంటే రెండు వారాల కిందటికే మారడం ఆగినవి. రెండింటినీ కలిపి ఇస్తే మధ్యకాలం దొరుకుతుంది. వ్యవధికి బదులు ‘2018-10-27 10:00:00’ వంటి నిర్దిష్ట తేదీ, సమయం కూడా ఇవ్వవచ్చు. ఇక్కడ నిండిన రోజుల లెక్క లేదు. ‘1డీ’ అంటే కచ్చితంగా ఇప్పటినుంచి 24 గంటల వెనక ఉన్న ఒక క్షణం, ఫైల్ దానికి ఇటువైపు ఉందా అటువైపు ఉందా అన్నదే పరీక్ష. ఫైండ్‌లో మూడు రకాల అర్థాలిచ్చే ఒక అంకె, ఇక్కడ ఒక గీతగా మారింది. ఈ మార్పు చిన్నదిగానే కనిపిస్తుంది గాని, 48 గంటల చిక్కును మొదలంటా తీసేసింది ఇదే.

వ్యవధులకు మాత్రం వాటి సొంత మెలికలున్నాయి. 2025లో వచ్చిన 10.3 కంటే ముందటి ఎఫ్‌డీ కూర్పులు వ్యవధిని చదవడానికి వాడిన హ్యూమన్‌టైమ్ లైబ్రరీలో చిన్న ‘ఎమ్’ అంటే నిమిషం, పెద్ద ‘ఎమ్’ అంటే నెల. ఒక్క షిఫ్ట్ మీట తేడాతో మూడు నెలల వెతుకులాట మూడు నిమిషాలకు కుదించుకుపోతుంది. ఫలితాలేవీ రాకపోతే ఫైళ్లు లేవేమోనని వాడేవారు అనుకుంటారు. ‘మంత్’ అని పూర్తిగా రాయడమే క్షేమం. ఆ లైబ్రరీ నెలను 30.44 రోజులుగా, ఏడాదిని 365.25 రోజులుగా తీసుకుంటుంది. లీపు సంవత్సరం కాని ఏడాదిలో మార్చి 15 ఉదయం 10 గంటలకు ‘ఒక నెల’ అని అడిగితే, ఆ లెక్కన గీత ఫిబ్రవరి 15 దగ్గర పడదు, ఫిబ్రవరి 12 రాత్రి 11:26 దగ్గర పడుతుంది. దాళ్వా పంట పెట్టుబడుల లెక్కలో నెల తేదీతోనే నడుస్తుంది కనుక, అటువంటిచోట వ్యవధి కంటే తేదీ ఇవ్వడం మేలు.

తేదీకి మరో ప్రమాదం పొంచి ఉంది. ఇక్కడ అందరూ తేదీని రోజు, నెల, సంవత్సరం వరసలో రాస్తారు. గ్నూ ఫైండ్‌లో తేదీని నేరుగా ఇచ్చే ‘-న్యూయర్ఎమ్‌టీ’ ఆప్షన్ మాత్రం, మధ్యలో ఏటవాలు గీతలు పెడితే, మొదటి అంకెను నెలగా చదువుతుంది. ‘05/06/2024’ అని ఇచ్చినవారి మనసులో ఉన్నది జూన్ 5, కమాండ్‌కు అర్థమైంది మే 6. ‘13/06/2024’ అని ఇస్తే పదమూడో నెల లేదు కనుక తప్పు అని వెంటనే చెబుతుంది. అంటే నెలలో 12వ తేదీ వరకు మౌనంగా తప్పు జరుగుతుంది, 13 నుంచి బయటపడుతుంది. నెల మొదటి వారంలో పరీక్షించి సరిగ్గా ఉందనుకున్న స్క్రిప్టు మౌనంగా తప్పు జవాబులిస్తూ ఉండిపోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఉండదు. సంవత్సరం ముందు వచ్చే ‘2024-06-05’ రూపానికి రెండో అర్థం లేదు.

తెల్లవారుజామున అయిదున్నర

డెల్టాకు ప్రత్యేకించి వర్తించే చిక్కు సమయ మండలంలో ఉంది. యూనిక్స్ సమయం అంటే 1970 జనవరి 1 అర్ధరాత్రి (ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీ ప్రకారం) నుంచి గడిచిన సెకన్ల సంఖ్య. డిస్కు మీద ఉండేది ఈ సంఖ్యే. దానికి ఊరూ పేరూ ఉండవు. దాన్ని తేదీగా మార్చేటప్పుడే ఏ మండలం అన్న ప్రశ్న వస్తుంది. అద్దెకు తీసుకునే క్లౌడ్ సర్వర్లు సాధారణంగా యూటీసీ అమరికతోనే వస్తాయి. భారత కాలమానం యూటీసీ కంటే అయిదున్నర గంటలు ముందు. కాబట్టి అటువంటి సర్వర్‌లో ‘ఈ తేదీ’ అంటే మన గడియారంలో ఆ తేదీ ఉదయం 5:30 నుంచి మర్నాడు ఉదయం 5:30 వరకు.

కార్యాలయ పనివేళల్లో మారే ఫైళ్లకు ఈ తేడా తగలనే తగలదు, అందుకే చాలామంది ఏళ్ల తరబడి గమనించరు. భీమవరం, నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల చెరువులకు మాత్రం ఇది సరిగ్గా తగలకూడని చోట తగులుతుంది. చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్, రైతులు డీవో అని పిలిచేది, పగలంతా నాచు, సూక్ష్మ మొక్కల వల్ల పెరుగుతుంది. రాత్రి ఆ ఉత్పత్తి ఆగిపోయినా రొయ్యలూ, బ్యాక్టీరియా, ఆ మొక్కలూ అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటూనే ఉంటాయి. అందువల్ల తెల్లవారే ముందు అది అట్టడుగుకు చేరుతుంది. నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే రొయ్యలు తేలేది కూడా ఆ వేళలోనే. అంటే అన్నిటికంటే ముఖ్యమైన కొలతలు తెల్లవారుజామున మూడు, అయిదు గంటల మధ్యవి.

సెన్సర్ కొలతలను గంటకొక ఫైల్‌గా యూటీసీ సర్వర్‌లో దాస్తున్నారనుకుందాం. జులై 15న చెరువు దెబ్బతింది, ఆనాటి ఫైళ్లు కావాలి. ‘-న్యూయర్ఎమ్‌టీ 2024-07-15’ అని మొదటి హద్దు, 16వ తేదీని రెండో హద్దుగా ఇస్తే వచ్చేవి 15 ఉదయం 5:30 తరువాతివి. ప్రమాదం జరిగిన తెల్లవారుజాము ఫైళ్లు అందులో ఉండవు. వాటికి బదులు 16వ తేదీ తెల్లవారుజామువి, బహుశా అప్పటికి ఏరేటర్లు బాగై డీవో నిలకడగా ఉన్నవి, వచ్చి చేరతాయి. ఆ జాబితా చూసినవారికి ఆ రోజు చెరువు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఫైళ్ల సంఖ్య కూడా సరిగ్గా 24 ఉంటుంది కనుక అనుమానానికి తావే ఉండదు.

దీనికి పరిష్కారం కష్టమైనదేమీ కాదు. తేదీ పక్కనే మండలాన్ని కూడా రాస్తూ ‘2024-07-15 00:00 +0530’ అని ఇవ్వవచ్చు. లేదా కమాండ్‌కు ముందు ‘టీజెడ్=ఏషియా/కోల్‌కతా’ అని చేర్చవచ్చు. వ్యవధితో అడిగే ఆప్షన్లకు ఈ బాధ లేదు, పది గంటలు ఏ మండలంలోనైనా పది గంటలే. అయితే వ్యవధి ఇప్పటి క్షణానికి కట్టుబడి ఉంటుంది. అదే కమాండ్‌ను టీ తాగివచ్చి మళ్లీ నడిపితే గీత కూడా అంత దూరం జరుగుతుంది. ఒక సంఘటన మీద విచారణకు తేదీ, రోజువారీ అలవాటు పనికి వ్యవధి తగినవని చెప్పడానికి కారణం ఇదే.

కాపీ చేసిన ఫైల్ వయసెంత

పైన చెప్పిన మూల్యం సంగతి ఇది. ఎమ్‌టైమ్ ఒక ఫైల్‌లోని విషయం ఎప్పుడు మారిందో చెబుతుంది గాని, ఆ ఫైల్ ఈ కంప్యూటర్‌కు ఎప్పుడు వచ్చిందో చెప్పదు. ఒక రైస్ మిల్లు గత ఏడాది సార్వా ధాన్యం లెక్కలను టార్ కట్టగా, అంటే అనేక ఫైళ్లను ఒకటిగా చేర్చి, తెచ్చి ఈవేళ విప్పారనుకుంటే, టార్ పాత ఎమ్‌టైమ్‌లను అలాగే నిలుపుతుంది. ‘గత ఒక రోజులో మారినవి’ అని అడిగితే అప్పుడే వచ్చిన వందల ఫైళ్లలో ఒక్కటీ కనిపించదు. ‘ఆర్‌సింక్ -ఏ’, ‘సీపీ -పీ’ అనే కాపీ కమాండ్లు కూడా అంతే, పాత సమయాన్ని నిలుపుతాయి. మామూలు ‘సీపీ’ మాత్రం కొత్త ఫైల్‌కు కొత్త సమయం వేస్తుంది, అందువల్ల పదేళ్ల నాటి పత్రం కూడా ఈనాటిదిగా కనిపిస్తుంది. ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్‌లో ఒక శాఖ నుంచి ఇంకో శాఖకు మారితే, మారిన ప్రతి ఫైల్‌కూ ఆ క్షణపు సమయమే పడుతుంది. ఆ మార్పును రాసినది రెండేళ్ల కిందట అయినా సరే.

విండోస్ వాడేవారికి ఇదే విషయం ఇంకో రూపంలో ఎదురవుతుంది. అక్కడ కాపీ చేస్తే మారిన తేదీ పాతదే ఉంటుంది, సృష్టించిన తేదీ కొత్తది పడుతుంది. పుట్టకముందే మారిన ఫైల్‌ను చూసి ఎవరో దిద్దారని అనుమానించనక్కర్లేదు.

పెన్‌డ్రైవ్‌ల దగ్గర లెక్క మరింత వదులవుతుంది. వాటిలో ఎక్కువగా కనిపించే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ మార్పు సమయాన్ని రెండేసి సెకన్ల మెట్లలోనే దాస్తుంది, పైగా స్థానిక సమయాన్నే రాస్తుంది గాని అది ఏ మండలపు సమయమో రాయదు. చదివే యంత్రం అమరికను బట్టి అదే ఫైల్ అయిదున్నర గంటలు ముందుకో వెనక్కో జరగవచ్చు. మదర్‌బోర్డు మీది చిన్న బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లది వేరే కథ. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం ఏదో పాత సంవత్సరానికి వెళ్లిపోతుంది. ఇంటర్నెట్ దొరికి సమయం సరిదిద్దుకునేలోపు భద్రపరచిన ఫైళ్లన్నీ ఆ పాత తేదీతోనే ఉండిపోతాయి. ఏ ఆప్షన్‌తో అడిగినా అవి ‘ఇటీవలి’ ఫైళ్ల జాబితాలో రావు.

కొత్తగా వచ్చి పడినవాటిని పట్టుకోవాలంటే సీటైమ్‌ను అడగాలి. ఫైల్‌ను కట్ట నుంచి విప్పినా, పేరు మార్చినా, అనుమతులు మార్చినా అది కదులుతుంది. ‘టచ్’తో ఎమ్‌టైమ్‌ను ఎవరైనా తమకు కావలసినట్టు దిద్దవచ్చు గాని, సీటైమ్‌ను కోరిన విలువకు మార్చే మామూలు కమాండ్ లేదు. ఎవరైనా చొరబడ్డారేమోనని సర్వర్‌ను తనిఖీ చేసేవారు ‘-ఎమ్‌టైమ్’ను వదిలి ‘-సీటైమ్’ను పట్టుకోవడానికి కారణం అదే. ఈ పని ఎఫ్‌డీ కొత్త ఆప్షన్లతో కాదు, దీనికి ఫైండ్ వైపే రావాలి.

కాలం అడిగితే ఆలస్యమెందుకు

పేరుతో వెతికినప్పుడు చటుక్కున వచ్చే ఫలితం, సమయంతో వెతికితే నెమ్మదిస్తుంది. ఇందులో ప్రోగ్రామ్ లోపం లేదు. ఒక డైరెక్టరీని చదివితే అందులోని ఫైళ్ల పేర్లు, చాలా ఫైల్ సిస్టమ్‌లలో అది ఫైలా డైరెక్టరీయా అన్న వివరం, ఒకేసారి అందుతాయి. సమయం ఆ జాబితాలో ఉండదు, ఐనోడ్‌లో ఉంటుంది. అంటే ఒక్కొక్క ఫైల్ గురించీ విడిగా మళ్లీ అడగాలి. తిరిగే పళ్లెం ఉన్న పాత హార్డ్‌డిస్కుల్లోనూ, నెట్‌వర్క్ మీద పంచుకున్న ఫోల్డర్లలోనూ ఈ అదనపు అడగడమే భారమంతా.

దీన్ని తగ్గించే దారి పేరుతోనూ వడకట్టడం. ‘.సీఎస్‌వీ’తో ముగిసే ఫైళ్లు మాత్రమే కావాలని కూడా చెబితే, ముందు పేరుతో ఏరి, మిగిలినవాటికే సమయం అడిగితే సరిపోతుంది. పేరుతో చేసే పరీక్షలను గ్నూ ఫైండ్ తనంతట తానే ముందుకు జరుపుతుంది. డైరెక్టరీ సమయం చూసి, అది పాతదైతే లోపలికి వెళ్లకుండా దాటేయవచ్చు కదా అన్న ఆలోచన మాత్రం కుదరదు. డైరెక్టరీ ఎమ్‌టైమ్ అందులో ఫైల్ చేరినప్పుడో, పోయినప్పుడో, పేరు మారినప్పుడో మాత్రమే కదులుతుంది. ఉన్న ఫైల్‌లో కొత్త వరస రాస్తే అది కదలదు. రెండేళ్లుగా కదలని డైరెక్టరీలో ఇప్పుడే మారిన పట్టిక ఉండవచ్చు.

ఎఫ్‌డీ ఫలితాలు తక్కువగా వస్తే మరో సంగతి కూడా చూసుకోవాలి. చుక్కతో మొదలయ్యే ఫైళ్లను, గిట్ పక్కనపెట్టమన్న ఫైళ్లను అది సాధారణంగా చూపదు. సమయపు ఆప్షన్‌ను తప్పుపట్టేముందు పెద్ద అక్షరాల్లో ‘-హెచ్’, ‘-ఐ’ ఇచ్చి మళ్లీ అడిగితే తేలిపోతుంది.

తుడిచే పనికి వాడేటప్పుడు

ఈ ఆప్షన్లను ఎక్కువగా వాడేది పాత బ్యాకప్‌లను తొలగించడానికి. లెక్కలో పొరపాటు వెతుకులాటలో జరిగితే ఒక ఫైల్ కనబడదు, అంతే. తొలగింపులో జరిగితే ఆ ఫైల్ ఇక ఉండదు. ‘-ఎమ్‌టైమ్ +7’ అని రాసిన స్క్రిప్టు ఎనిమిది రోజులు నిండినవాటినే తుడుస్తుంది. ఇక్కడ పొరపాటు క్షేమం వైపే ఉంది, డిస్కు కొంచెం ఎక్కువ నిండుతుందంతే. ఫైండ్ స్క్రిప్టును ఎఫ్‌డీకి మార్చేవారు మాత్రం ‘+7’ ఉన్నచోట ‘--ఛేంజ్‌డ్-బిఫోర్ 7డీ’ అని పెడితే ఒక రోజు బ్యాకప్ అదనంగా పోతుంది. దానికి సరితూగేది ‘8డీ’.

గడియారం తప్పిన కంప్యూటర్ నుంచి వచ్చిన బ్యాకప్‌కు ప్రమాదం ఇంకా ఎక్కువ. నిన్న రాత్రి తీసినదైనా దాని మీద పాత సంవత్సరమే ఉంటే మొదటి విడతలోనే పోతుంది. ఈ కారణంగా బ్యాకప్ ఫైల్ పేరులోనే తేదీ రాసి, తొలగింపుకు ఆ పేరును చూడడం మంచిదనే వాదనలో బలం ఉంది, అయితే ఆ పేరు కూడా అదే తప్పు గడియారం పెట్టినదైతే ప్రయోజనం లేదు. ఎన్ని రోజులన్నది పక్కనపెట్టి ఎప్పుడూ చివరి పది ప్రతులను ఉంచే పద్ధతి ఈ రెండింటికంటే మెరుగు, కానీ అక్కడ కూడా ‘చివరి’ని వచ్చిన క్రమంలో తేల్చాలి గాని ఎమ్‌టైమ్‌ను బట్టి కాదు.

ఫైండ్ తన పరీక్షలను ఎడమ నుంచి కుడికి చేస్తుంది, ‘-డిలీట్’ను కూడా ఆ వరసలో ఒకటిగానే చూస్తుంది. ‘ఫైండ్ . -ఎమ్‌టైమ్ +30 -డిలీట్’ పాతవాటిని తొలగిస్తుంది. ‘ఫైండ్ . -డిలీట్ -ఎమ్‌టైమ్ +30’ అంటే ముందు తుడిచి తరువాత వయసు చూడమని, అంటే అన్నిటినీ తుడవమని. అందుచేత ‘-డిలీట్’ ఉన్నచోట మొదట ‘-ప్రింట్’ పెట్టి, వచ్చిన జాబితాలో అన్నిటికంటే కొత్త ఫైల్ తేదీని చూసి, అది అనుకున్న గీతకు అవతలే ఉందని తేలాక ఆ ఒక్క పదాన్ని మార్చడం సర్వర్లు చూసేవారిలో స్థిరపడిన పద్ధతి.